ల్యాప్‌టాప్ నుంచి మానిటర్ దాకా: బొమ్మ ఎక్కడ ఆగిపోతోంది?

ల్యాప్‌టాప్‌కూ బయటి మానిటర్‌కూ మధ్య కేబుల్ పెట్టిన మరుక్షణమే బొమ్మ పరుగెత్తదు. అంతకుముందు రెండు యంత్రాల మధ్య కొంత సంప్రదింపు జరుగుతుంది. హెచ్‌డీఎంఐ సంగతే తీసుకుంటే, ఆ ప్లగ్గులోని 19 పిన్నుల్లో 18వ దాని మీద ల్యాప్‌టాప్ 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ 19వ పిన్ను మీద జవాబిస్తుంది. అవతల ఒక తెర ఉందని ల్యాప్‌టాప్‌కు తెలిసేది అప్పుడే. తర్వాత మానిటర్‌లోని చిన్న మెమరీ చిప్‌ను ల్యాప్‌టాప్ చదువుతుంది. ఈడీఐడీ అనే ఆ సమాచారంలో మొదటి భాగం 128 బైట్లు మాత్రమే. తయారు చేసింది ఎవరు, తెర అసలు రిజల్యూషన్ ఎంత, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదు వంటి వివరాలు అందులో ఉంటాయి. ఆ జాబితా చూసి గ్రాఫిక్స్ డ్రైవర్ తనకూ మానిటర్‌కూ కుదిరే మోడ్‌ను ఎంచుకుంటుంది. బొమ్మ బయలుదేరేది ఆ తర్వాతే. కాపీ రక్షణ ఉన్న సినిమా అయితే హెచ్‌డీసీపీ అనే మరో పరీక్ష కూడా దాటాలి.

ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర పని ఆగితే దానికి తగిన లక్షణమే తెర మీద కనిపిస్తుంది. కాబట్టి సమస్యను వెతకడమంటే ముందుగా లక్షణాన్ని జాగ్రత్తగా చూడడమే. సాధారణంగా వినిపించే సలహాలు డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించమనడంతో మొదలవుతాయి. అది చివర చేయాల్సిన పనిని ముందు చేయించడం. కేబుల్, ప్లగ్గు, మానిటర్‌లో ఇన్‌పుట్ ఎంపిక వంటి చేతికి అందేవాటిని ముందు చూడాలి. సెట్టింగులు ఆ తర్వాత, డ్రైవర్లు చివర. పైగా ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ కలిపి మార్చేస్తే బొమ్మ వచ్చినా తప్పు ఎక్కడుందో తెలియదు. వారం తర్వాత అదే సమస్య వస్తే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

పోర్టులు, వాటి తరాలు

ఇప్పటికీ వాడుకలో ఉన్న పోర్టులు ఒకే కాలానివి కావు. 15 పిన్నుల వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది. అది అనలాగ్ సంకేతం, శబ్దం మోయదు. డీవీఐ 1999లో వచ్చింది. టీవీలనూ దృష్టిలో పెట్టుకుని చేసిన హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వెలువడింది. కంప్యూటర్ల కోసం వెసా సంస్థ రూపొందించిన డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చింది. 2014లో యూఎస్‌బీ-సీ ప్లగ్గు రూపుదిద్దుకుంది. అదే ఏడాది ఆ ప్లగ్గు గుండా డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని పంపే పద్ధతిని వెసా ప్రకటించింది. దాన్ని ఆల్ట్ మోడ్ అంటారు. ఒకే బల్ల మీద ఈ ఐదింటిలో రెండు మూడు తరాలు ఎదురుపడడం మామూలే. చిక్కుల్లో పెద్ద భాగం ఆ కలయికల దగ్గరే పుడుతుంది.

తెర నల్లగానే ఉంటే

మానిటర్‌కు అసలు కరెంటు అందుతోందా, ప్యానెల్ బాగుందా అన్నది తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. మానిటర్ మీది బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవాలి. మెనూ స్పష్టంగా కనిపిస్తే ప్యానెల్‌లో తప్పు లేదు. మెనూ కూడా వణికితే, గీతలు పడితే ల్యాప్‌టాప్‌ను అనుమానించడం దండగ.

మానిటర్ చెప్పే మాటలకు వేర్వేరు అర్థాలున్నాయి. ‘నో సిగ్నల్’ అంటే మానిటర్ మేలుకునే ఉంది కానీ చూస్తున్న పోర్టులోకి ఏమీ రావడం లేదని. రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్న మానిటర్‌లో కేబుల్ ఒకదానికి పెట్టి, మెనూలో రెండోది ఎంచుకుని ఉంటే ఈ మాటే వస్తుంది. ఇన్‌పుట్‌ను తానే వెతుక్కునే ‘ఆటో’ ఏర్పాటు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకూడదు. ల్యాప్‌టాప్ సంకేతం పంపడం మొదలుపెట్టేలోపే మానిటర్ వెతకడం మాని నిద్రలోకి జారుకోవచ్చు. పోర్టును చేత్తో ఎంచుకుంటే ఆ సందేహం తీరుతుంది. ‘అవుట్ ఆఫ్ రేంజ్’ లేదా ‘ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్’ అన్నది పూర్తిగా వేరే కథ. సంకేతం వచ్చింది, అది ఆ మానిటర్ చూపలేని రిజల్యూషన్‌లోనో రిఫ్రెష్ రేటులోనో ఉంది. ఇక్కడ కేబుల్ మార్చి ప్రయోజనం లేదు. ల్యాప్‌టాప్ సొంత తెర మీద రిజల్యూషన్ తగ్గించాలి.

అన్నిటికన్నా ఉపయోగపడే పరీక్ష ఇంకొకటి ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే అన్న చోటికి వెళ్లి రెండో తెర గుర్తు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపిస్తూ, మానిటర్ మాత్రం నల్లగా ఉంటే, మొదట చెప్పిన సంప్రదింపు వరకు సవ్యంగా జరిగిందన్న మాట. తప్పు వేగంగా బొమ్మ మోసే తీగల్లోనో, ఎంచుకున్న మోడ్‌లోనో, మానిటర్ ఇన్‌పుట్ ఎంపికలోనో ఉంది. రెండో తెర గుర్తే లేకపోతే మానిటర్ ఉనికి ల్యాప్‌టాప్‌కు తెలియలేదు. అప్పుడు ప్లగ్గు, కేబుల్, కన్వర్టర్, పోర్టు సామర్థ్యం, డ్రైవర్ ఆ వరుసలో చూడాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గిపోతాయి.

గుర్తు ఉన్నా బొమ్మ లేకపోతే విండోస్ కీతో కలిపి పీ నొక్కాలి. నాలుగు ఎంపికలు వస్తాయి: ల్యాప్‌టాప్ తెర మాత్రమే, రెండిటి మీదా ఒకే బొమ్మ, రెండిటినీ కలిపి ఒకే పెద్ద బల్లగా పొడిగించడం, రెండో తెర మాత్రమే. మొదటి ఎంపిక మీద ఉండిపోయి మానిటర్ నల్లగా ఉండడం తరచు జరిగేదే. నాలుగో ఎంపిక తెచ్చే భయం ఇంకా ఎక్కువ. ఆ ఎంపికలో ఉండగా ల్యాప్‌టాప్ తెర ఆరిపోయి ఉంటుంది. తగిలించిన ప్రొజెక్టర్‌లో బొమ్మ రాకపోతే, ల్యాప్‌టాపే పోయిందని కంగారు పుడుతుంది. చాలా సందర్భాల్లో కేబుల్ పీకేస్తే తెర తిరిగి వస్తుంది.

కొన్నిసార్లు మానిటరో, డాకో (పలు పోర్టులున్న మధ్యపెట్టె) లోపలి స్థితిలో చిక్కుకుపోయి ఎంతకీ స్పందించదు. మానిటర్ బటన్ ఆపితే చాలదు, ఆ తర్వాత కూడా లోపలి సర్క్యూట్‌లో కొంత భాగం కరెంటు మీదే ఉంటుంది. ప్లగ్గును గోడ సాకెట్ నుంచి తీసి, వీడియో కేబుల్ కూడా విడదీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ కలపాలి. ల్యాప్‌టాప్ విషయంలోనూ ఒక సూక్ష్మం ఉంది. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ ఏర్పాటు వల్ల, షట్‌డౌన్ చేసినా వ్యవస్థలోని కీలక భాగం డిస్క్ మీద భద్రమై, మళ్లీ తెరిచినప్పుడు అదే స్థితిలో లేస్తుంది. డ్రైవర్లు నిజంగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్ చేసినప్పుడే.

యూఎస్‌బీ-సీ తెచ్చిన గందరగోళం

ఇప్పటి ఫిర్యాదుల్లో ఎక్కువ శ్రద్ధతో చూడాల్సింది యూఎస్‌బీ-సీ. 24 పిన్నుల ఆ ప్లగ్గు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది, కానీ దాని వెనకున్న సామర్థ్యం మాత్రం ల్యాప్‌టాప్‌ను బట్టి మారుతుంది. ఒక పోర్టు డేటా మాత్రమే మోస్తుంది. పక్కదే ఛార్జింగ్ కూడా తీసుకుంటుంది. మరొకటి బొమ్మ కూడా పంపుతుంది. రెండు సీ పోర్టులున్న ల్యాప్‌టాప్‌లో ఒక్కదానికే వీడియో ఉండవచ్చు. పక్కన ఇంగ్లీషు డీ, పీ అక్షరాలు కలిసిన గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ సంకేతం వస్తుంది. మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, అందులోనూ వీడియో వస్తుంది. గుర్తేమీ లేకపోతే మోడల్ నంబరుతో తయారీదారు ఇచ్చిన సాంకేతిక వివరాలు చూడడమే నమ్మదగిన దారి. ఆల్ట్ మోడ్ లేని పోర్టుకు ఎంత ఖరీదైన కన్వర్టర్ పెట్టినా, ఏ డ్రైవర్ ఎక్కించినా నేరుగా బొమ్మ రాదు. గ్రాఫిక్స్ చిప్ నుంచి ఆ పోర్టుకు తీగే లేదు.

పోర్టు సరైనదే అయినా కేబుల్ అడ్డుపడవచ్చు. ఫోన్లతో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 రకానివి. వాటిలో వేగంగా డేటా మోసే నాలుగు జతల తీగలు ఉండవు. ల్యాప్‌టాప్ చక్కగా ఛార్జ్ అవుతుంది, బొమ్మ మాత్రం రాదు. ఛార్జింగ్ అవుతోంది కదా అని కేబుల్ మీద అనుమానం రాకపోవడమే ఇక్కడి ఇబ్బంది. మానిటర్ వెనక ఉండే చతురస్రపు యూఎస్‌బీ-బీ పోర్టు విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. అది మానిటర్‌లోని యూఎస్‌బీ సాకెట్లను ల్యాప్‌టాప్‌కు కలపడానికి ఉన్నది, బొమ్మకు సంబంధం లేదు.

ఒక సీ పోర్టును పలు పోర్టులుగా మార్చే హబ్ మధ్యలో వస్తే లెక్క ఇంకొంచెం బిగుస్తుంది. నాలుగు జతలనూ వీడియోకే ఇచ్చేస్తే పెన్‌డ్రైవ్‌లకు యూఎస్‌బీ 2.0 వేగమే మిగులుతుంది. వేగవంతమైన యూఎస్‌బీ కూడా కావాలంటే రెండు జతలు వీడియోకు, రెండు డేటాకు పంచాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో రెండు జతల మీద బొమ్మకు దక్కేది సెకనుకు 8.64 గిగాబిట్లు. 4కే (3840×2160) బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే సుమారు 12.5 గిగాబిట్లు కావాలి. అందుకే చవక హబ్‌ల పెట్టె మీద 4కే అని పెద్దగా, 30 హెర్ట్జ్ అని చిన్నగా ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 వేగం ఉన్న ల్యాప్‌టాప్, అదే వేగం తెలిసిన హబ్ కలిస్తే రెండు జతల్లోనే 12.96 గిగాబిట్లు దొరికి, 60 హెర్ట్జ్ ఇమిడిపోతుంది. హబ్ కొనేటప్పుడు ఈ ఒక్క వివరం అడిగి తెలుసుకోవడం మంచిది.

కరెంటు సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. సీ కేబుల్ ఒక్కదానితోనే నడిచే పోర్టబుల్ మానిటర్లు ల్యాప్‌టాప్ నుంచే విద్యుత్తు తీసుకుంటాయి. వెలుగు పెంచగానే ఆరి మళ్లీ వెలుగుతుంటే పోర్టు ఇవ్వగలిగిన కరెంటు చాలడం లేదని అర్థం. ఆ మానిటర్‌నే హెచ్‌డీఎంఐతో వాడితే వేరే అడాప్టర్ తప్పదు, ఎందుకంటే హెచ్‌డీఎంఐలో ఉండే 5 వోల్టులు ప్యానెల్ నడపడానికి ఉద్దేశించినవి కావు.

కన్వర్టర్లకు దిక్కు ఉంది

కన్వర్టర్లలో అధికభాగం ఒకవైపు మాత్రమే పనిచేస్తాయి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేది తేలిక. ‘డీపీ ప్లస్ ప్లస్’ గుర్తున్న పోర్టు హెచ్‌డీఎంఐ తరహా సంకేతాన్ని తానే ఇవ్వగలదు కాబట్టి చవక అడాప్టర్ చాలు. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఆ అడాప్టర్‌ను తిప్పి పెట్టి లాభం లేదు. సంకేతాన్ని నిజంగా మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. దానికి తరచుగా వేరే యూఎస్‌బీ కరెంటు కూడా ఇవ్వాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేదానిలోనూ డిజిటల్‌ను అనలాగ్ చేసే చిప్ ఉంటుంది. అది పోర్టు నుంచే కరెంటు లాగుతుంది. ఆ పోర్టు బలహీనమైతే బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. చిప్ లేకుండా వట్టి తీగలతో చేసిన హెచ్‌డీఎంఐ-వీజీఏ కేబుళ్లు ల్యాప్‌టాప్‌తో పనిచేయవు. ల్యాప్‌టాప్‌లో ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు దాదాపు ఎప్పుడూ బొమ్మ బయటికి పంపేదే. మరో కంప్యూటర్ బొమ్మను ల్యాప్‌టాప్ తెర మీదికి తెచ్చుకోవడానికి అది పనికిరాదు.

బొమ్మ వచ్చింది, కానీ సరిగా లేదు

సరిపోని రిజల్యూషన్, తక్కువ రిఫ్రెష్ రేటు ఫిర్యాదులకు మూలం చాలాసార్లు కేవలం లెక్క. 1920×1080 బొమ్మను 60 హెర్ట్జ్‌లో, ఒక్కో చుక్కకు 24 బిట్ల చొప్పున పంపితే సెకనుకు సుమారు 3 గిగాబిట్లు. 3840×2160 అయితే దానికి సరిగ్గా నాలుగు రెట్లు. తెర అంచుల ఖాళీ సమయం కలిపితే ఇంకొంచెం ఎక్కువ. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం సామర్థ్యం 10.2 గిగాబిట్లు. అందులో బొమ్మకు మిగిలేది 8.16 మాత్రమే కాబట్టి 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. 2013లో వచ్చిన 2.0 సామర్థ్యం 18 గిగాబిట్లు, 4కే 60 హెర్ట్జ్ దాని పరిధిలోకి వచ్చింది. 2017 నాటి 2.1 గరిష్ఠంగా 48 గిగాబిట్లు. అయితే 2.1 అని రాసి ఉన్నంత మాత్రాన 48 అందుతాయని కాదు. ఆ ప్రమాణంలో చాలా సదుపాయాలు తయారీదారు ఇష్టానికి వదిలేసినవి. సంఖ్య చూసి కొనడం కన్నా, కావాల్సిన రిజల్యూషన్, హెర్ట్జ్ రెండూ వివరాల్లో స్పష్టంగా రాసి ఉన్నాయా అని చూడడం మేలు.

30 హెర్ట్జ్‌లో మౌస్ బరువుగా కదులుతున్నట్టు అనిపిస్తుంది, ల్యాప్‌టాప్ నెమ్మదించిందేమో అన్న భ్రమ కలుగుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లు చాలా ఏళ్లపాటు హెచ్‌డీఎంఐ 1.4 దగ్గరే ఉండిపోయాయి. ప్రత్యేకంగా మార్పిడి చిప్ పెట్టిన మోడళ్లే దానికి మినహాయింపు. అదే ల్యాప్‌టాప్‌లోని డిస్‌ప్లేపోర్ట్ లేదా వీడియో ఉన్న యూఎస్‌బీ-సీ నుంచి 4కే 60 రావచ్చు. అంటే పోర్టు మార్చడమే పరిష్కారం. టీవీని మానిటర్‌గా వాడుతుంటే టీవీ మెనూ కూడా చూడాలి. శామ్‌సంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’ వంటి పేర్లతో ఉన్న ఏర్పాటు ఆ పోర్టుకు ఆపేసి ఉంటే, టీవీయే తన ఈడీఐడీలో తక్కువ సామర్థ్యం చెబుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. విండోస్ తనంతట తాను 60 దగ్గరే ఉంచవచ్చు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రేటు మార్చేదాకా పెట్టిన డబ్బుకు ఫలితం కనిపించదు. మార్చిన మోడ్ మానిటర్‌కు పడకపోయినా భయం లేదు. 15 సెకన్లలో ఒప్పుకోకపోతే విండోస్ పాత మోడ్‌కు తిరిగి వెళ్తుంది.

1024×768 తప్ప మరే రిజల్యూషన్ చూపించకపోతే ఈడీఐడీ చేరలేదని అనుకోవచ్చు. సెమినార్ హాళ్లలో పైకప్పుకు బిగించిన ప్రొజెక్టర్లకు గోడలోంచి లాగిన పొడవాటి వీజీఏ కేబుళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. ఈడీఐడీ ప్రయాణించే 12, 15 పిన్నుల్లో ఒకటి వంగినా, తీగ తెగినా బొమ్మ వస్తుంది, వివరాలు రావు. ఒకే సంకేతాన్ని రెండు తెరలకు పంచే స్ప్లిటర్లు, ఒకే తెరను రెండు కంప్యూటర్లకు పంచే కేవీఎం స్విచ్‌లు కూడా ఈడీఐడీని మింగేయడమో, తప్పుగా చెప్పడమో చేస్తాయి. మధ్యలో ఉన్న పెట్టెను తీసి నేరుగా కలిపి చూస్తే విషయం తేలిపోతుంది.

అక్షరాలు మసకగా ఉంటే మొదట రిజల్యూషన్ మానిటర్ సొంత రిజల్యూషన్‌తో సమానంగా ఉందేమో చూడాలి. అక్షరాలు చిన్నవైపోయాయని రిజల్యూషన్ తగ్గించడం పాత అలవాటు. దాని బదులు స్కేలింగ్‌ను 125 లేదా 150 శాతానికి పెంచితే పదును పోదు. రెండిటి మీదా ఒకే బొమ్మ అన్న ఎంపికలో రెండు తెరలూ ఒకే రిజల్యూషన్‌కు కట్టుబడతాయి కాబట్టి ఒకదాని మీద మసక తప్పకపోవచ్చు. పొడిగింపు ఎంపికలో ఆ బాధ లేదు. టీవీ తెర మీద అంచులు కోసుకుపోతే అది ఓవర్‌స్కాన్. టీవీలో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేరున్న ఎంపికతో సరిపోతుంది. నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు మాత్రమే కరిగినట్టు కనిపిస్తే రంగుల సమాచారం కుదించుకుని వస్తోందని అర్థం. ఆ కుదించిన 4:2:0 రూపం నుంచి కుదించని 4:4:4కు లేదా ఆర్‌జీబీకి మార్చాలి.

రంగులు వెలిసిపోయినట్టు, నలుపు బూడిదలా కనిపిస్తే రెండు కారణాలు ఎక్కువ. ల్యాప్‌టాప్ వెలుగు విలువలను 16 నుంచి 235 దాకా పంపుతుంటే మానిటర్ 0 నుంచి 255 ఆశిస్తూ ఉండవచ్చు. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫుల్ రేంజ్’ ఎంచుకుంటే నలుపు నలుపవుతుంది. లేదా హెచ్‌డీఆర్‌ను సరిగా చూపలేని మానిటర్ మీద విండోస్‌లో హెచ్‌డీఆర్ వేసి ఉండవచ్చు. వీజీఏలో తెర మొత్తం పసుపుగానో గులాబీగానో మారితే మూడు రంగుల తీగల్లో ఒకటి తెగింది, కేబుల్ మార్చడం తప్ప దారి లేదు.

వచ్చి పోయే బొమ్మ

రెండు నిమిషాలకోసారి తెర నల్లబడి తిరిగి రావడం, తెల్లటి చుక్కలు మెరవడం సామర్థ్యపు అంచుల్లో నడుస్తున్న సంకేతానికి గుర్తులు. ఇక్కడ హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ నడవడి వేరు. డిస్‌ప్లేపోర్ట్ బొమ్మ పంపే ముందు తీగల నాణ్యతను పరీక్షించుకుంటుంది. పై వేగం నిలవకపోతే కింది వేగానికి దిగుతుంది. కాబట్టి కేబుల్ బలహీనమైనప్పుడు రిజల్యూషన్ జాబితాయే చిన్నదైపోవచ్చు. హెచ్‌డీఎంఐ 2.0 వరకు అలాంటి ముందస్తు పరీక్ష లేదు. అడిగిన వేగంలో పంపేస్తుంది, కేబుల్ మోయలేకపోతే చుక్కలు పడతాయి, తెర ఆరిపోతుంది. రిఫ్రెష్ రేటును తాత్కాలికంగా తగ్గిస్తే లక్షణం మాయమైతే దోషి దాదాపు ఖాయంగా కేబులే, లేదా మధ్యలోని కన్వర్టర్.

18 గిగాబిట్లను మామూలు రాగి కేబుల్ కొన్ని మీటర్ల వరకే నమ్మకంగా మోస్తుంది. ‘ప్రీమియం హై స్పీడ్’ 18 గిగాబిట్లకూ, ‘అల్ట్రా హై స్పీడ్’ 48 గిగాబిట్లకూ పరీక్షించిన కేబుళ్ల ముద్రలు. కేబుల్ మీద ‘2.1’ అని అచ్చేసిన దానికన్నా ఈ ముద్రకు విలువ ఎక్కువ. సికింద్రాబాద్ సీటీసీ వంటి కంప్యూటర్ బజార్లలో ధరల తేడా ఎంతో కనిపిస్తుంది. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి పరీక్షించి తీసుకునే వీలుంటే వదులుకోకూడదు. పది, పదిహేను మీటర్లు లాగాలంటే ఆప్టికల్ ఫైబర్‌తో చేసిన కేబుల్ కావాలి. దానికి దిక్కు ఉంటుంది. ‘సోర్స్’ అని రాసిన కొన ల్యాప్‌టాప్ వైపు ఉండాలి. తిప్పి పెడితే బొమ్మే రాదు.

తెర ఇలా మిణుకుమనడానికి మరో కారణమైన ఎర్తింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్న సాకెట్లకు కూడా ఎర్త్ తీగ లేకపోవడం కద్దు. ఎర్త్ లేని అడాప్టర్ మీద ఛార్జ్ అవుతున్న లోహపు ల్యాప్‌టాప్‌ను తాకితే జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ల గుండా లీకయ్యే అతి స్వల్ప కరెంటు అది. వోల్టేజీ మాత్రం 230లో సుమారు సగం దాకా తేలవచ్చు. అలాంటి ల్యాప్‌టాప్‌ను ఎర్త్ అయిన మానిటర్‌కో, కేబుల్ టీవీ తీగ తగిలించిన టీవీకో కలిపిన క్షణంలో ఆ తేడా వీడియో కేబుల్ గుండా సర్దుకుంటుంది. తెర మిణుకుమనడం దగ్గర్నుంచి హెచ్‌డీఎంఐ చిప్ కాలిపోవడం దాకా ఏమైనా కావచ్చు. రెండు యంత్రాలనూ ఒకే స్పైక్ బస్టర్‌కు పెట్టి, వీడియో కేబుల్ కలిపాకే స్విచ్ వేయడం ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిచేయించడమే అసలు పరిష్కారం. మానిటర్ కోసమే కాదు, మనుషుల క్షేమం కోసం కూడా.

గ్యాస్‌తో పైకీ కిందికీ కదిలే ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడు తెర ఒక్క క్షణం ఆరిపోవడం కొందరికి వింతగా ఉంటుంది. ఆ స్తంభంలో పుట్టే స్థిర విద్యుత్ విడుదలైనప్పుడు వెలువడే తరంగాలను సరైన కవచం లేని కేబుల్ పట్టేస్తుంది. మంచి కేబుల్‌తో ఇది తగ్గుతుంది. కవచం సరిగా లేని యూఎస్‌బీ-సీ హబ్ తానే ఇలాంటి అలజడి రేపి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని, వైర్‌లెస్ మౌస్‌ను దెబ్బతీస్తుంది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, హబ్‌ను కాస్త దూరం జరపాలి.

డ్రైవర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు

కేబుల్, పోర్టు, సెట్టింగులు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే డ్రైవర్ల వంతు. విండోస్ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ పేరు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు. ఆ స్థితిలో రెండో తెర సాధారణంగా పనిచేయదు. విండోస్ కొత్తగా ఎక్కించిన తర్వాత ఇది తరచు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి ఆ మోడల్‌కు చెందిన డ్రైవర్ తెచ్చుకోవాలి. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే ‘రోల్ బ్యాక్’ ఉంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఉన్నచోటే మళ్లీ మొదలవుతుంది. తెరిచి ఉన్న పనులకు నష్టం లేదు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు తరచు పెద్ద చిప్‌కే కలిపి ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం ఆ చిప్‌ను ఆపేసే మోడ్ వేస్తే పోర్టు కూడా మూగబోతుంది.

హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా అన్న సందేహానికి మంచి పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చే కంపెనీ లోగో బయటి మానిటర్ మీద కనిపించి, విండోస్ రాగానే మాయమైతే తప్పు డ్రైవర్‌లోనే. అన్ని మోడళ్లూ ఆ దశలో బయటి తెర వాడవు. కాబట్టి లోగో కనిపించనంత మాత్రాన పోర్టు పోయిందనుకోకూడదు. ఉబుంటు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే మరింత స్పష్టత వస్తుంది.

మ్యాక్‌లలో పరిమితి చిప్‌తోనే వస్తుంది. 2020 నవంబరు నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది, ఎం2 ఎయిర్ కూడా అంతే. ఎం3 ఎయిర్ మూత మూస్తేనే రెండు, ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండు నడుపుతుంది. ఒకే డిస్‌ప్లేపోర్ట్ గుండా రెండు వేర్వేరు తెరలు నడిపే ఎంఎస్‌టీ పద్ధతిని మ్యాక్ ఓఎస్ పొడిగింపు కోసం వాడనివ్వదు. విండోస్ ల్యాప్‌టాప్‌తో రెండు తెరలు చూపిన డాకే మ్యాక్‌కు పెట్టగానే రెండిటి మీదా ఒకే బొమ్మ చూపడానికి కారణం ఇదే. ఆ డాక్‌లో లోపం లేదు.

లినక్స్‌లో ఎన్‌విడియా చిప్ ఉంటే సెక్యూర్ బూట్ చూడాలి. సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ను అది ఎక్కనివ్వదు. ఏఎండీ చిప్‌ల ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 చేర్చడానికి 2024లో హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. లినక్స్ వాడేవాళ్లు వీలైనంత వరకు డిస్‌ప్లేపోర్ట్‌ను ఎంచుకోవడం సుఖం.

మూత, నిద్ర, శబ్దం, సినిమా

మూత మూయగానే మానిటర్ కూడా ఆరిపోతే అది లోపం కాదు. పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని చెప్పాలి. కొన్ని డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లు నిద్రపోయినప్పుడు కేబుల్ పీకినట్టే ల్యాప్‌టాప్‌కు అనిపిస్తాయి. తెరిచి ఉన్న విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి కుప్పగా వచ్చేస్తాయి. వాటి చోటు గుర్తుంచుకునే ఎంపిక విండోస్ 11లో ఉంది, మానిటర్ మెనూలో ‘డీప్ స్లీప్’ ఆపినా చాలావరకు తీరుతుంది. హెచ్‌డీఎంఐ పెట్టగానే శబ్దం పోతే అది స్పీకర్లు లేని మానిటర్ వైపు వెళ్లిపోయింది. సౌండ్ సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్ స్పీకర్లను మళ్లీ ఎంచుకోవాలి.

అన్నీ బాగుండి, ఓటీటీ సినిమా మాత్రమే నల్లగా వచ్చి మాటలు వినిపిస్తుంటే హెచ్‌డీసీపీ కుదరలేదు. 4కే సినిమాలకు 2.2 వెర్షన్ కావాలి. ల్యాప్‌టాప్, కన్వర్టర్, మానిటర్‌లలో ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా బొమ్మ రాదు, లేదా తక్కువ నాణ్యతకు దిగుతుంది. వీజీఏ కన్వర్టర్ల గుండా ఈ రక్షణ కొనసాగదు.

పోర్టే పోయినప్పుడు

పైవన్నీ చూశాక కూడా బొమ్మ రాకపోతే మార్పిడి పరీక్ష చేయాలి. అదే కేబుల్‌తో వేరే ల్యాప్‌టాప్‌ను ఈ మానిటర్‌కు, ఈ ల్యాప్‌టాప్‌ను వేరే మానిటర్‌కు కలపాలి. రెండు పరీక్షల్లోనూ తప్పు ల్యాప్‌టాప్ వైపే తేలితే సర్వీసు సెంటర్‌కు వెళ్లే ముందు పోర్టులోకి టార్చి వేసి చూడాలి. యూఎస్‌బీ-సీ పోర్టుల్లో జేబులోని నూలు పేరుకుని ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం మామూలే. ల్యాప్‌టాప్ ఆపేసి, చెక్క పుల్లతో మెల్లగా తీయవచ్చు. హెచ్‌డీఎంఐ పోర్టు వదులై, ప్లగ్గును ఒక కోణంలో పట్టుకుంటేనే బొమ్మ వస్తుంటే సోల్డరింగ్ తెగి ఉంటుంది. పోర్టు ఒక్కటే మార్చే చిప్ స్థాయి మెకానిక్‌కు అది పెద్ద పని కాదు. మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్న అంచనా చేతికొస్తే ఒప్పుకునే ముందు, వీడియో ఉన్న యూఎస్‌బీ-సీ పోర్టు ఖాళీగా ఉందేమో చూసుకోవాలి. కొద్ది ఖర్చుతో ఒక కన్వర్టర్ అదే పని చేసిపెడుతుంది.

అదీ లేకపోతే డిస్‌ప్లేలింక్ అడాప్టర్ ఉంది. బొమ్మను ప్రాసెసరే కుదించి మామూలు యూఎస్‌బీ గుండా పంపుతుంది, అడాప్టర్‌లోని చిప్ విప్పి మానిటర్‌కు ఇస్తుంది. ఆల్ట్ మోడ్ లేని పోర్టు మీదా, ఒక్క తెరకే పరిమితమైన మ్యాక్ మీదా పనిచేస్తుంది. దాని డ్రైవర్ ఎక్కించుకోవాలి, మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి కూడా ఇవ్వాలి. ఆఫీసు పనికి, పాఠాలకు, కోడ్ రాయడానికి నిశ్చింతగా సరిపోతుంది. ఆటలకు ఆలస్యం తెలుస్తుంది, మ్యాక్‌లో రక్షణ ఉన్న సినిమాలు దాని మీద నల్లగానే ఉండిపోతాయి.